ఊరికే వచ్చిన పడవ

న్యూజిలాండ్‌లో ఊరికే వచ్చిన వస్తువేదీ మహిధర్‌కు అచ్చిరాలేదు. చదువుకునే రోజుల్లో ఫ్లాట్‌లో ఒకడు ఊరికే ఇచ్చిన పరుపు నిండా నల్లులే. ఇంకొకరు ఊరికే ఇచ్చిన ఫ్రిజ్ వారం తిరక్కుండానే చచ్చింది, దాన్ని పారేయడానికి తల ప్రాణం తోకకొచ్చింది. అందుకే పక్కింటి నారాయణ్ అంకుల్ తన చిన్న తెరచాప పడవను ఊరికే ఇస్తాననగానే అతనికి సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది.

నారాయణ్ ఫీజీ నుంచి వచ్చి పాపకూర అనే ఈ ఊళ్ళో స్థిరపడిన పెద్దాయన. ఆయన మాట్లాడేది నాయనమ్మ నేర్పిన పాత తెలుగు. ఇప్పుడు హామిల్టన్‌లో కూతురి దగ్గరికి మారిపోతున్నాడు. అక్కడ సముద్రం లేదు.

"పడవ నీకే బేటా. ఒక్కటే మాట. మొదటిసారి నాతో రావాల. దినం నేను చెప్తా" అన్నాడు.

ఆయన చెప్పిన దినం జూలైలో, అక్కడి నడి చలికాలంలో, ఒక ఆదివారం. పచ్చిక మీద మంచు తెల్లగా పేరుకుంది. ఎక్కడా ఆకు కదలడం లేదు.

"గాలి లేకుంటె సెయిలింగ్ ఎట్ల అంకుల్?"

"గాలి లేని దినమే మంచిది. కొత్తవాడు భయపడడు."

వేరే ఎవరైనా అయితే ఎంత మంచివాడో అనుకునేవారు. మన మహిధర్ అలా అనుకోడు కదా! గాలి వీస్తే బయటపడే లోపమేదో దాస్తున్నాడనుకున్నాడు. తెరచాప చిరిగిందేమో. దాన్ని కట్టే కొయ్య విరిగితే అతికించారేమో. నిజామాబాద్ నుంచి ఇంత దూరం వచ్చింది ఎవరో వదిలించుకున్న ఓటి పడవలో మునగడానికా?

ఆ ఉదయం అతని భార్య నిరుపమ పడవకు పూజ చేసింది. కారు కొన్నప్పుడు చేసినట్టే పైపుతో కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. తాళాలకు కూడా బొట్టు పెట్టి పళ్ళెంలో ఉంచింది. ఆ సేపంతా మహిధర్ పడవను ఎక్కించిన ట్రైలర్ కింద వెల్లకిలా పడుకుని, ఫోన్ లైటు వేసుకుని, అడుగు చెక్కల్ని ఒక్కొక్కటే తట్టి చూస్తున్నాడు. పైనుంచి నిరుపమ ఏదో చెప్పింది. "ఆఁ, ఆఁ" అన్నాడు. ఒక్క ముక్క వింటే ఒట్టు. హారతి అయ్యాక పళ్ళెంలో ఉన్నవన్నీ కలిపి కళ్ళకద్దుకుని జాకెట్ జేబులో కుక్కుకున్నాడు.

రేవు దగ్గర పడవను నీళ్ళలోకి దింపబోతూ నారాయణ్ అడిగాడు. "వెనక బిరడా గట్టిగుందా? చూసినావా?"

పొద్దున లేవగానే అతను మొదట చూసింది, పడవ అడుగున నీళ్ళు పోయే కంతకు బిగించిన ఆ బిరడానే. అప్పుడు అది గట్టిగానే ఉంది. తనను ఏమీ తెలియనివాడి కింద జమకడుతున్నాడని మహిధర్‌కు ఉడుకెత్తింది.

"అన్నీ చెక్ చేసిన అంకుల్."

నారాయణ్ తలూపాడు. మళ్ళీ చూడలేదు.

పోటు నిండుగా ఉంది. తెరచాప ఆరేసిన చీరలా వేలాడుతుంటే నారాయణ్ తెడ్లు వేసి పడవను సముద్రపు పాయ మధ్యకు తెచ్చాడు. చలికి చెవులు మొద్దుబారుతున్నాయి. ఆయన చుక్కాని పట్టుకోవడం చూపిస్తున్నాడు. మహిధర్ ఆయన చెప్పేది వదిలేసి ఆయన కళ్ళనే కనిపెట్టి చూస్తున్నాడు. ఇంతలో కాళ్ళ కింది చెక్కల సందుల్లోంచి చల్లగా ఏదో పాకింది. చూస్తే బూట్లు తడిశాయి.

"అంకుల్, నీళ్ళు!"

నారాయణ్ మోకాళ్ళ మీద వెనక్కి పాకి, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో ముంచి తడిమాడు. "బిరడా లేదు" అని బొటనవేలు ఆ కంతలో దూర్చాడు. "గుడ్డ ఏమన్నా ఉంటే ఇయ్యి. చెయ్యి నిలవదు, చలి."

మహిధర్ చూస్తే ఒడ్డు ఎంతో దూరంలో ఉంది. భయంతో పాటు, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా బయటికి వచ్చేసింది.

"నాకు ముందే తెలుసు! పొద్దున ఉండె గద బిరడా. లూజుది కాబట్టే ఊడిపోయింది. అందుకే గదా ఊరికె అంటగట్టిన్రు? గాలి లేని రోజు చూసి తెచ్చిన్రు?"

నారాయణ్ ముఖం చిన్నబోయింది. "గుడ్డ ఇయ్యి బేటా" అన్నాడు అంతే.

చేతిరుమాలు కోసం మహిధర్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళాలు, నలిగిన చామంతి, నిమ్మకాయ. వాటి కింద మెత్తగా, గుండ్రంగా రబ్బరుది ఏదో తగిలింది. చూడకుండానే తెలిసిపోయింది. ట్రైలర్ కింద ఉన్నప్పుడు వినకుండా వదిలేసిన మాట ఇప్పుడు చెవిలో పడినంత స్పష్టంగా వినిపించింది. 'కడిగిన నీళ్ళు పోవాలని ఎనక బిరడ తీసిన, పళ్ళెంల పెట్టిన, యాదిమరువకు.'

తల కొట్టేసినట్టయింది. గుప్పిట్లో దాన్ని పట్టుకుని చెయ్యి పడవ అంచు దాకా తీసుకెళ్ళాడు. వేళ్ళు వదిలేస్తే చాలు. రుమాలు ఇచ్చేస్తే కంత మూసుకుంటుంది, తను అన్న మాట నిజమై కూర్చుంటుంది. చూసేందుకు చుట్టుపక్కల పురుగు కూడా లేదు. కానీ ముసలాయన చెయ్యి నీళ్ళలో నీలంగా మారుతోంది. ఆ చెయ్యి చూసి తన మీద తనకే అసహ్యం వేసింది.

గుప్పిట విప్పి ముందుకు చాపాడు. బిరడా నడినెత్తిన కుంకుమ బొట్టు.

నారాయణ్ దాన్ని చూశాడు, అతన్ని చూశాడు. బిరడా తీసుకుని, కంతలో పెట్టి గట్టిగా తిప్పాడు. తడిసిన చేతిని చంకలో పెట్టుకున్నాడు.

"నువ్వు చూసినానన్నావు. అందుకే నేను చూడలేదు" అన్నాడు.

నీళ్ళు తోడడానికి పడవలో ఉంచిన, మూతి కోసిన పాల డబ్బా తీసుకుని మహిధర్ తోడాడు. అన్నీ తోడేసి, వంగి, వేలితో తడిమి చూశాడు.

"ఇంక వస్తలేవు అంకుల్. నేను చూసిన."

నారాయణ్ సరేనని తలూపాడు. ఊపి, నెమ్మదిగా వెనక్కి జరిగి, తనే వంగి మళ్ళీ చూసుకున్నాడు.