సంపాదకుడి సాధనలు

జాతీయ గణిత సంఘానికి వచ్చే ఉత్తరాలను కూరగాయల కత్తితో కోయడం నా పని. పోస్టు పదకొండింటికి వస్తుంది. అప్పటికి కూరలు తరగడం అయిపోతుంది కాబట్టి కత్తి కడిగి, తుడిచి, కవర్లు కోస్తాను. మా ఆయన ఆ సంఘం పత్రికలో ‘సమస్యలు - సాధనలు’ శీర్షికకు సంపాదకుడు. మూడు నెలలకో సంచిక, సంచికకు ఐదు సమస్యలు. పాఠకులు సాధనలు పంపుతారు. అన్నిటికన్నా బాగున్నదాన్ని పంపినవాళ్ల పేరుతో వేస్తారు. సరిగ్గా చేసిన మిగతావాళ్ల పేర్లు కింద చిన్న అక్షరాలతో వేస్తారు. ఎవరూ చేయలేకపోతే ఏడాది ఆగి, ‘సంపాదకుడి సాధన’ అని పెట్టి జవాబు వేస్తారు. పంతొమ్మిదేళ్లుగా మా ఆయన ఈ శీర్షికను ఒంటిచేత్తో నడుపుతున్నారని సంఘంలో అందరూ అంటారు. ఒక చెయ్యేనన్నది నిజం. ఎవరిదని ఎవరూ అడగలేదు.

మొదటి ఏడాది ఆయనే చేశారు. రెండో ఏడు కాలేజీలో పెద్ద పదవి వచ్చింది. ఒకరోజు కవర్ల కట్ట తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, “కాస్త చూసిపెట్టవోయ్. నీకెలాగూ పొద్దుపోదు కదా” అన్నారు. అప్పుడు నా చంకలో ఏడాది పిల్ల ఉంది, పొయ్యి మీద పాలున్నాయి, స్నానాలగదిలో నానబెట్టిన బట్టలున్నాయి. పొద్దుపోకపోవడం అంటే ఏమిటో ఆయనకే తెలియాలి. అయినా కాదనలేదు. ఆయన బలవంతపెట్టారని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధం. ఆకలి మీదున్న మనిషి విస్తరి ఎవరిదని చూడదు. పెళ్లికి ముందు నేను రెండేళ్లు పరిశోధన చేశాను. పెళ్లి పత్రిక ఇవ్వడానికి వెళ్తే మా ప్రొఫెసరు దాన్ని రెండువైపులా తిప్పి చూసి, “సంతోషం. ఇక నీ సీటు ఇంకొకరికి పనికొస్తుంది” అన్నారు. ఆ ‘ఇంకొకరు’ ఇప్పుడు ఎక్కడో పెద్ద ప్రొఫెసరట. మంచిదే.

పని జరిగే పద్ధతి ఇది. పాత కాగితాల వెనకవైపు నేను చేస్తాను. ఆదివారం ఆయన దాన్ని తన చేత్తో తిరగరాస్తారు. “ప్రెస్సువాళ్లకు నా రాత అలవాటు” అని కారణం చెప్పారు. రాస్తూ రాస్తూ ఎక్కడో ఆగి, “ఇదెలా వచ్చింది?” అని అక్కడినుంచే కేకేస్తారు. నేను గిన్నెలు తోముతూ చెబుతాను. “ఆ, అదే. నేనూ అదే అనుకున్నా” అంటారు. పంతొమ్మిదేళ్లలో ఆయన అనుకోనిది ఒక్కటీ లేదు. ఎవరైనా చుట్టాలొస్తే మా అత్తయ్య నా గురించి గొప్పగానే చెబుతుంది: “మా కోడలూ లెక్కలే చదివింది. ఎంతమందొస్తే అంతమందికి సరిగ్గా వండుతుంది. గింజ మిగలదు.”

సంఘంలో నేను సభ్యురాలిని కాను. సభ్యులకు పత్రిక ఉచితం. “ఒకే ఇంటికి రెండు కాపీలు దేనికి? అటక మీద చోటు దండగ” అన్నారాయన. కిందటేడు వార్షిక సదస్సులో ఆయన ‘గణితంలో స్త్రీలు ఎందుకు తక్కువ’ అని ముప్పావుగంట మాట్లాడారు. సభ్యుల జాబితాలో ఆడవాళ్లెందరో లెక్కపెట్టి పట్టిక గీసింది నేను. ఎనిమిది వందల డెబ్బైలో నలభై ముగ్గురు. చొక్కా ఇస్త్రీ చేసిందీ నేనే. ఉపన్యాసం బాగా పండిందట. ఆ మీదటే వచ్చే ఏడాదికి ఆయన్ను సంఘానికి అధ్యక్షుణ్ణి చేద్దామన్నారు. పోటీ లేదు. కార్యవర్గం ఒక మాట అనుకుంటే అయిపోతుంది.

ఆ సమయంలో ఈ ఉత్తరం వచ్చింది. పరీక్షల్లో మిగిలిపోయిన జవాబు కాగితం మీద రాసిన ఉత్తరం. రాసినావిడ ఏదో చిన్న ఊళ్లో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. “సంపాదకుల వారికి నమస్కారాలు. పోయిన సంచికలో 351వ సమస్యకు మీరిచ్చిన సాధనలో ఏడో మెట్టు దగ్గర ఇరువైపులా రెండు సంఖ్యల తేడాతో భాగించారు. ఆ రెండూ సమానమైతే తేడా సున్న కదా? అప్పుడేం చేయాలో రాయలేదు. నాకు తోచింది కింద రాశాను. నా పొరపాటైతే మన్నించండి.” కింద నాలుగు వరుసల్లో ఆ మిగిలిన సందర్భాన్ని పూర్తి చేసింది. అందంగా చేసింది. జవాబు నిలబడింది, నా నిరూపణ నిలబడలేదు.

సున్నతో భాగించకూడదని ఎనిమిదో తరగతి పిల్లకు తెలుసు. నేను భాగించాను. నిలబడి మూడుసార్లు చదివాను. ఆ లెక్క చేసిన రోజు నాకు గుర్తుంది. అత్తయ్య తుంటి విరిగి మంచంలో ఉన్న నెల అది. ఏడో మెట్టు దగ్గర, ‘సమానమైతే వేరే చూడాలి’ అనుకున్నాను. అప్పుడే లోపల్నుంచి పిలిచింది. దుప్పటి మార్చి, ఒళ్లు తుడిచి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేసరికి ఆ సందర్భం చూసేశానన్న భ్రమ మిగిలింది. కాగితం మీద లేదు. ఇది సాకు కాదు. దుప్పటి మార్చినంత మాత్రాన సున్న ఇంకోటి అయిపోదు. ఆయన తిరగరాసినప్పుడు చూడొచ్చు కదా అంటారేమో. తిరగరాయడం వేరు, చదవడం వేరు.

సాయంత్రం ఉత్తరం చేతికిచ్చాను. చదివి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

“ఇప్పుడే రావాలా ఇది?” అన్నారు. తర్వాత నావైపు చూశారు. “ఏంటోయ్ ఇది? నువ్వే కదా చేసింది?”

పంతొమ్మిదేళ్లలో ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు.

ఆదివారం కార్యవర్గం మా ముందుగదిలోనే కలిసింది. కార్యదర్శి వచ్చాడు, అతను మా ఆయన పాత శిష్యుడు. పత్రిక ప్రధాన సంపాదకుడు వచ్చారు. సమావేశం అయిపోయి అందరూ వెళ్లాక కూడా ఆయన మిగిలి ఉంటారు కాబట్టి అందరూ ఆయన్ను శేషంగారంటారు. ఆయన ఎదుట కూడా అంటారు. ఉత్తరం రాసినావిడ ఒక కాపీ నేరుగా శేషంగారికి కూడా పంపింది. జాగ్రత్త గల మనిషి. దాచడానికి వీల్లేకుండా పోయింది.

నేను టీ తీసుకెళ్లేసరికి కార్యదర్శి అంటున్నాడు: “గురువుగారూ, ఏ తప్పైనా ఫర్వాలేదు గానీ సున్నతో భాగహారమండీ! రేపు అధ్యక్షుడయ్యాక కుర్రాళ్లు సభలో కార్టూన్లు వేస్తారు.”

మా ఆయన టీ కప్పు అందుకోకుండానే, “అసలు సంగతి చెప్పేస్తున్నా. అది నేను చేసింది కాదు. ఆ టైములో అమ్మకు బాగోక ఊపిరాడలేదు. మా ఆవిడకిచ్చాను. ఏదో ఎమ్మెస్సీ చదివింది కదా అని. నాదే బుద్ధితక్కువ” అన్నారు.

ముగ్గురూ నావైపు చూశారు. చేతిలో పళ్లెం ఉంది. కదలకుండా పట్టుకున్నాను.

పక్కగదిలోంచి అత్తయ్య అడిగింది: “ఏమైందిరా? గొంతులు లేస్తున్నాయి?”

“ఏం లేదమ్మా. ఒక లెక్క తప్పింది.”

“ఎవరు తప్పారు?”

“నీ కోడలే.”

“అదేంట్రా, లెక్కలు నువ్వు కదా చేసేది?”

ఆవిడ తెలియక అడిగిందో, తెలిసి అడిగిందో నేనింకా తేల్చుకోలేదు. కార్యదర్శి దగ్గినట్టు నటించాడు. శేషంగారు బిస్కెట్టు టీలో ముంచి, అది మెత్తబడేదాకా చూసి తిన్నారు. తర్వాత అన్నారు: “మన పత్రికకు ఒక రూలుంది. తప్పు ఎవరు చేస్తే సవరణ వాళ్లే రాయాలి, వాళ్ల సంతకంతోనే అచ్చవ్వాలి. నేనూ రెండుసార్లు రాశాను. కాబట్టి అమ్మాయే రాయాలి.”

“ఆవిడ సభ్యురాలు కాదు కదండీ” అన్నారు మా ఆయన.

“తప్పు చేయడానికి సభ్యత్వం అక్కర్లేదు కదయ్యా.”

కార్యదర్శి మొహం విప్పారింది. “భేషుగ్గా ఉంది గురువుగారూ! మీ పేరుకు మచ్చ ఉండదు. వదినగారూ, నాలుగు ముక్కలు రాసిపెట్టండి చాలు. టీ మాత్రం అదిరింది.”

వాళ్లు వెళ్లాక మా ఆయన నాకు ఆ నాలుగు ముక్కలు చెప్పారు. చాలా రోజుల తర్వాత నా పక్కన, వంటింట్లో, స్టూలు మీద కూర్చున్నారు. “ఇలా రాయి. సంపాదకుడి కుటుంబంలో అనారోగ్యం వల్ల ఈ ఒక్క సాధనా నేను చేశాను. అనుభవలేమి వల్ల పొరపాటు దొర్లింది. పాఠకులు మన్నించాలి. అంతే. నీ పేరు కూడా పత్రికలో వస్తుంది. ఎప్పుడూ రాలేదు కదా.” చివరి మాట నిజంగా నా సంతోషం కోసమే అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. అలాంటివాళ్ల గురించి చెప్పడమే కష్టం, చెప్పినా ఎవరూ నమ్మరు.

“ఈ ఒక్కటేనా?” అన్నాను.

“మరి? మిగతావి సరిగ్గానే ఉన్నాయి కదా?”

సరిగ్గా ఉన్నవి ఆయనవి, తప్పింది నాది. మనిషి పంతొమ్మిదేళ్లు ఒక ఇంట్లో పనిచేశాక, ఆ ఇల్లు ఆమెకు ఒప్పజెప్పేది పగిలిన గిన్నె ఒక్కటే. ‘నువ్వే పగలగొట్టావు’ అంటుంది. అంతకుముందు రోజూ దాన్ని తోమిందెవరో ఎవరికీ గుర్తుండదు. అనుభవలేమి అట. ఆ మాట దగ్గర నాకు నవ్వు వచ్చింది, ఆయన కూడా నవ్వారు. ఒప్పుకున్నాననుకున్నారు.

మర్నాడు ఆయన కాలేజీకి వెళ్లాక అటక మీద నుంచి పత్రిక కట్టలన్నీ దించాను. తుమ్ములు తుమ్ముకుంటూ సంచిక సంచికా తిరగేశాను. సంపాదకుడి సాధనలు యాభై ఏడు ఉన్నాయి. నాలుగు మొదటి ఏడాదివి, ఆయన సొంతం. మంచివే. అప్పట్లో ఆయనకు ఆ చురుకుండేది. ఒకటి ఇద్దరం చేశాం. కరెంటు లేని ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని వాదులాడుకుని చేశాం. అది ఆయనకు గుర్తుందో లేదో, నాకు మాత్రం మా కాపురంలో దాచుకోదగ్గ మధ్యాహ్నం అదొక్కటే. నేను వేసుకున్న పట్టికలో దాన్ని ఇద్దరిదీ అని రాశాను. మిగిలిన యాభై రెండూ మళ్లీ మొదట్నుంచి చేసి చూశాను. పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ పూటకొక కూరే వండాను. “ఏంటివాళ కూడా ఇదేనా?” అని ఆయన అడిగారు. “ఇదే” అన్నాను. యాభై రెండులో తప్పు ఆ 351 ఒక్కటే. అయినా ఒకసారి కంటికి ఆననిది మళ్లీ ఆనుతుందని నమ్మకం ఏముంది?

పదకొండో రోజు శేషంగారు సవరణ కోసం తనే వచ్చారు. మా ఆయన కాలేజీలో ఉన్నారు. కాగితం ఇచ్చాను. నా చేతిరాతలోనే ఉంది. నిలబడే చదవడం మొదలుపెట్టి, సగంలో కూర్చున్నారు.

“నాకు పదేళ్ల నుంచీ అనుమానమేనమ్మా” అన్నారు. “ఆయన మాట్లాడే తీరు వేరు, ఈ సాధనల తీరు వేరు.”

పదేళ్ల అనుమానం. పదేళ్లూ ఇక్కడే, ఈ కుర్చీలోనే టీ తాగారు. ఆ రోజు టీ మాత్రం ఇవ్వలేదు.

“ఇది వేస్తే ఆయన అధ్యక్ష పదవి ఉండదు, తెలుసా?”

“అది మీ కార్యవర్గం సంగతండీ. సవరణలో ఏమైనా తప్పుందా, అది చెప్పండి.”

మళ్లీ చదివారు. ఈసారి వేలు పెట్టి, వరుస వరుసా చదివారు. “లేదు” అన్నారు. “ఇంట్లో ఏమవుతుందో ఆలోచించావా?”

“ఇంటి సంగతి ఇందులో ఏమీ రాయలేదు కదండీ.”

నిజంగానే రాయలేదు. అత్తయ్య తుంటి గురించి రాయలేదు. అనారోగ్యమని రాయలేదు, అనుభవలేమి అనీ రాయలేదు, మన్నించమనీ రాయలేదు. శేషంగారు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అందరికన్నా ముందు వెళ్లిపోయే మనిషిలా గబగబా మెట్లు దిగారు. రెండు పూటల తర్వాత ఫోను చేసి, ప్రెస్సుకు ఇచ్చేశానని చెప్పారు. ఆ సాయంత్రం మా ఆయనకు నేనే చెప్పాను. అచ్చులో చూసి తెలుసుకోవడం ఎవరికీ మంచిది కాదు. నకలు కూడా చేతికిచ్చాను. ఆయన దాన్ని చదివారు. ఈసారి తిరగరాయలేదు కాబట్టి నిజంగా చదివారు.

అందులో ఉన్నది ఇంతే.

“సవరణ. 351వ సమస్యకు అచ్చయిన సాధనలో ఏడో మెట్టు తప్పు. రెండు సంఖ్యలూ సమానమైన సందర్భాన్ని నేను వదిలేశాను. దాన్ని పట్టుకుని, పూర్తి చేసిన టీచరుగారి నిరూపణను ఆవిడ పేరుతో పక్క పేజీలో చూడండి. ఆ సాధన నాది. సంపాదకుడి సాధన అన్న పేరుతో ఈ పత్రికలో వచ్చిన, కింద సంఖ్యలు ఇచ్చిన మరో యాభై ఒక్కటీ నావే. వాటిలో ఇంకా తప్పులు కనబడితే ఇకమీదట నా పేరునే రాయండి.”