ఇర్మా పెద్దమ్మ పళ్లెం

అమెరికాలోని మా యంగ్స్‌టౌన్‌లో పెళ్లికూతురు గౌను గురించి మర్నాటికి ఎవరూ మాట్లాడుకోరు. కుకీల బల్ల గురించి మాత్రం ఏడాది పొడుగునా మాట్లాడుకుంటారు. ఇరువైపుల ఆడవాళ్లూ ఎవరిళ్లలో వాళ్లు కుకీలు చేసి, అలంకరించి, పళ్లేలకెత్తి హాలుకు తెస్తారు. పళ్లెం అడుగున పేరు రాసిన చీటీ అంటిస్తారు. అతిథులు తిన్నన్ని తిని మిగిలినవి డబ్బాల్లో పట్టుకుపోతారు. ఎవరి పళ్లెం ముందు ఖాళీ అయిందని పైకి ఎవరూ అడగరు గానీ, కళ్లన్నీ అక్కడే ఉంటాయి. నాకు పెళ్లయి ఈ ఊరొచ్చిన నాటినుంచీ ముందు ఖాళీ అయ్యేది నాదే.

ముక్కున్నంత కాలం పడిశం తప్పదంటారు. కిందటి చలికాలం నాకు పట్టిన పడిశం పోతూ పోతూ నా ముక్కునే, దాంతోపాటు నాలిక మీది రుచినీ పట్టుకుపోయింది. కాఫీ వేడినీళ్లయిపోయింది. వాసన రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. రాలేదు. నేనెవరికీ చెప్పలేదు. మా ఆయన పోయాక ఈ ఇంటికి ఫోనంటూ వస్తే కుకీల కోసమే వస్తుంది. సంగతి తెలిస్తే అదీ రాదు. గొప్పకు అంటున్న మాట కాదిది, భయంతో అంటున్నాను.

చేతులు మాత్రం చెక్కుచెదరలేదు. మా చెల్లెలి మనవరాలు టెస్సా పెళ్లికి గౌను ఆకారంలో కుకీలు కోశాను. ముందు పంచదార ఐసింగు గట్టిగా కలిపి అంచు గీసుకోవాలి. అది ఆరాక లోపల పల్చటి ఐసింగు పోసి సూదితో మూలమూలకీ జరపాలి. బుడగ లేస్తే అదే సూదితో పొడవాలి. అదీ గట్టిపడ్డాక పైన లేసు, చుక్క పక్కన చుక్క, ఊపిరి బిగబట్టి. టెస్సా గౌను మెడ దగ్గరి లేసును ఫొటో చూసి అచ్చంగా దించాను.

చిక్కంతా వాసన కోసం పిండిలో వేసే బాదం ఎసెన్సు దగ్గరే. మా అమ్మ నాకది చెంచా లెక్కన నేర్పలేదు. "గిన్నె మీదకి వంగు. గిన్నె నీకు జవాబు చెప్పేదాకా పొయ్యి," అనేది. జీవితమంతా ముక్కుతోనే కొలిచాను. ఇప్పుడూ వంగాను. జవాబు రాలేదు. ఇంకాస్త పోశాను. మళ్లీ పోశాను. ఎక్కడో లీలగా వచ్చినట్టనిపించింది. నిజమో, నా ఆశో. అక్కడికి ఆపాను.

పళ్లేలు తీసుకెళ్లడానికి టెస్సా తల్లి మార్లీన్ వచ్చింది. వెంట పెళ్లికొడుకు అక్క కెండ్రా కూడా ఉంది. ఆ పిల్ల కేక్ పాప్స్ చేస్తుంది. కేకును పొడి చేసి, క్రీముతో ముద్ద కలిపి, ఉండలు చుట్టి, పుల్లలకు గుచ్చి, కరిగిన చాక్లెట్లో ముంచి రంగు పూసలు చల్లుతుంది.

"కేకు విరిగిపోతే ఏం చెయ్యాలో తెలీక కనిపెట్టారు కదే ఇది?" అన్నాను.

"అవునాంటీ. మీ కుకీలు విరిగితే ఇవ్వండి, వాటినీ పుల్లకి గుచ్చేస్తా," అంది కెండ్రా. నోరున్న పిల్ల. నాకు నచ్చింది.

మార్లీన్ ఒక కుకీ తీసి చిన్న ముక్క కొరికింది. కొరికి కిటికీ వైపు తిరిగింది.

"ఎలా ఉందే?"

"ఏముంది పెద్దమ్మా, ఎప్పట్లాగే," అని మంచినీళ్లు పట్టుకు తాగింది.

నా ప్రాణం కుదుటపడింది.

పెళ్లి హాల్లో నేను బల్లకు దూరంగా కుర్చీ వేసుకుని, చూడనట్టే చూస్తూ కూర్చున్నాను. మా వాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా గౌన్లు తీసుకున్నారు. మా మరిది రెండు, ఆయన కోడలు డబ్బా నిండా, కాగితం పరిచి మరీ. సూపు వడ్డించకముందే పళ్లెం అడుగు కనిపించింది. కెండ్రా పుల్లలు ఇంకా నిలబడే ఉన్నాయి.

"ఏమ్మా, నీ పుల్లల్ని ఎవరూ పీకలేదేం?" అన్నాను.

"మీ చుట్టాలంతా మీ వైపే కదాంటీ. నాకు దిక్కెవరు?" అంది నవ్వుతూ.

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ముక్కు పోతేనేం, తిరిగిన చెయ్యి ఊరికే పోతుందా అనుకున్నాను. నా పళ్లెం నేనే కడుక్కుందామని తీసుకుని వంటగది వైపు నడిచాను.

తలుపు సగం తెరిచి ఉంది. లోపల మార్లీన్ నల్లటి చెత్తసంచి నోరు తెరిచి పట్టుకుంది. మా మరిది కోడలు డబ్బా బోర్లించింది. తెల్లటి గౌన్లు లేసుతో సహా సంచిలోకి జారాయి.

"చేదు విషం అక్కా! నాలిక మొద్దుబారిపోయింది. ఈస్టరప్పటికన్నా ఎక్కువ పోసింది," అంది కోడలు.

"మెల్లగా మాట్లాడు. మీ మామగారి దగ్గర రెండున్నాయి, అవీ పట్రా. పెళ్లికొడుకు వాళ్ల నోట్లో పడితే ఆవిణ్ణి నలుగుర్లో నవ్వులపాలు చేస్తారు."

"ఎన్నాళ్లిలా? చెప్పేస్తే పోదా?"

"చెప్పేస్తే ఆవిడకింకేం మిగుల్తుందే?" అంది మార్లీన్. గొంతులో ఏడుపుంది.

ఈస్టరు. ఆ తర్వాత మార్లీన్ పుట్టినరోజు, చర్చి విందు. అన్నిచోట్లా నా పళ్లెమే ముందు ఖాళీ అయింది. ఇంటికొచ్చి మా ఆయన ఫొటోకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. నాకు కోపం రావాల్సింది. నా కోపం ఊరందరికీ తెలుసు. రాలేదు. ఒక్కరైనా నా మొహం మీదే ఉమ్మేసి ఉంటే బాగుండుననిపించింది.

వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, పళ్లెం బల్ల మీద పెట్టేసి కూర్చున్నాను. కాసేపటికి మార్లీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"చూశావా పెద్దమ్మా, ఒక్కటీ మిగల్లేదు."

చెప్పేద్దామనుకున్నాను. ముక్కు సంగతీ, సంచి సంగతీ. చెంచాతో కొలిచి పోస్తే సరి అని అంటుంది కాబోలు. వెన్న పాడైందో లేదో, అడుగు మాడిందో లేదో ఏ చెంచా చెబుతుంది? నా పని అయిపోయింది. ఆ మాట ఎవరూ అనకపోయినా అయిపోయింది.

"వచ్చే నెల మా తమ్ముడి బిడ్డకి బాప్తిస్మం. నువ్వే చెయ్యాలి," అంది మార్లీన్. ఖాళీ పళ్లెం వైపు చూసి, "ఓ ఇరవై చాల్లే పెద్దమ్మా, నీకెందుకు శ్రమ," అంది.

ఎవరి శ్రమో నాకు తెలుసు. ఇరవై అయితే పారెయ్యడం తేలిక.

"సరే," అన్నాను.

పది చాలన్నా సరే అనేదాన్ని. అసలు వద్దులే అంటుందేమోనని, అది లేచి వెళ్లిపోకుండా దాని చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.