మడిచిన బ్రేకు పైపు

సుందర్ రావు సార్ సుబేదారిలోని మా మెకానిక్ షెడ్డుకు వచ్చి, నవ్వుతూ నన్ను "బిడ్డా" అన్నాడు. ఆ ఒక్క మాటకే నా ఒళ్ళు మండింది.

ఆయన వెనక, గొలుసు కట్టి లాక్కొచ్చిన తెల్ల అంబాసిడర్ ఉంది. ఎడమ వైపు మడ్‌గార్డు ఇంకా నుజ్జుగానే ఉంది. ఇన్నేళ్ళూ ఆయన దాన్ని ఇంటి వెనక టార్పాలిన్ కప్పి దాచాడు.

"మనుమరాలి పెండ్లి ఉన్నది షారోన్. మా నాయిన కొన్న బండి, పిల్ల దీంట్లనే చర్చికి రావాలని నా ఆశ. ఇంజను, బ్రేకులు అన్నీ కొత్తగ జెయ్యి. మన సంఘం పిల్లవు నువ్వుండంగ బయటోళ్ళకెందుకియ్యాలె?"

"ఆ బండేనా సార్?"

"ఆ బండే. పాతయన్ని మనసుల పెట్టుకోకు బిడ్డా. క్షమించుమనే గద మనకు నేర్పింది."

క్షమించమని చెప్పడానికి ఆయనకేం పోయింది? పోయిందంతా మాకు.

మా నాయన శామ్యూల్ ఆ బండికి డ్రైవరు. నేను పదో తరగతిలో ఉండగా, మా సంఘం ఆడవాళ్ళను ములుగులో సభలకు తీసుకెళ్తుంటే దారిలో బర్రె అడ్డం వచ్చింది. నాయన బ్రేకు తొక్కాడు. బండి ఎడమకు గుంజి కల్వర్టు గోడను గుద్దింది. ముందు సీట్లో కూర్చున్న మొగిలమ్మత్త అక్కడికక్కడే పోయింది. నాయనకు గీత కూడా పడలేదు. అదే ఆయన పాపమైంది.

బ్రేకులు సరిగా లేవని సార్‌కు ముందే చెప్పానని నాయన మొత్తుకున్నాడు. సుందర్ రావు సార్ సంఘపెద్ద. చర్చిలో అందరి ముందు బైబిలు మీద చెయ్యి పెట్టి, "బ్రేకులు అప్పుడే కొత్తయి ఏయించిన. శామ్యూల్ తాగి నడిపిండు" అన్నాడు. పోలీసులు ప్రమాదమని కేసు మూసేశారు. సంఘం మూయలేదు.

నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనను మేం బల్ల అంటాం. నాయనను బల్ల నుంచి తీసేశారు. అప్పట్నుంచీ బల్ల ఆదివారం ప్రసంగం అయిపోగానే ఆయన లేచి, తల వంచుకుని బయటికి పోయి మెట్ల మీద కూర్చుంటాడు. ఒక్క చుక్క తాగడం ఎరుగని మనిషి. లోపల ద్రాక్షరసం గ్లాసుల పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేదెవరు? సుందర్ రావు సారే. మా అమ్మ ఏసమ్మ ఏడుస్తూ ఆ గ్లాసు అందుకునేది. నేను మాత్రం ఆయన చేతి నుంచి ఎన్నడూ అందుకోలేదు.

అలాంటి మనిషి బండి తెచ్చి నా షెడ్డులో పెట్టాడు. నేను సరేనన్నాను. ఏం చెయ్యాలో అప్పటికి తెలియదు, ఏదో ఒకటి చెయ్యకుండా మాత్రం వదలననుకున్నాను.

ఇంజను మీద నాకేం కోపం? విప్పి, పట్టేసిన పిస్టన్లు ఊడదీసి, బోరింగుకు పంపాను. కార్బురేటర్ కడిగి సరిచేశాను. మాటిమాటికీ అరిగిపోయే పాత పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను. రేడియేటర్ మార్చాను. తర్వాత బ్రేకుల దగ్గరికొచ్చాను.

ముందు కుడి చక్రం డ్రమ్ము తీస్తే లోపల ఆయిలు తడి ఆనవాలే లేదు. పైపు వెంబడి చేత్తో తడుముతూ పోయాను. ఛాసీ దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. పైపును సుత్తితో చదును చేసి, అయిపోయిన పేస్టు ట్యూబును మడిచినట్టు వెనక్కి మడిచేశారు. చక్రం దగ్గర బ్రేకు ఆయిలు కారుతుంటే, బాగు చేయించే ఓపిక లేనివాళ్ళు చేయించే మొరటు పని అది. ఆ చక్రానికి ఇక బ్రేకు ఉండదు. గట్టిగా తొక్కితే బండి రెండో వైపుకు గుంజుతుంది.

మూసింది కుడి చక్రానికి. బండి గుంజింది ఎడమకు.

నేను బండి కిందే పడుకుని, చెయ్యి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నాయన ఇన్నేళ్ళు మెట్ల మీద కూర్చున్నది ఈ బెత్తెడు పైపు కోసం.

దాచడమెందుకు, ఆ పైపును అలాగే ఉంచి బండి అప్పజెప్పాలనిపించింది. ఒక్కసారి ఆయన కూడా బ్రేకు తొక్కి చూడాలి. కానీ వెనక సీట్లో పెళ్ళికూతురుంటుంది. మొగిలమ్మత్త లాంటి ఇంకో ఆడది పోతే నాకూ ఆయనకూ తేడా ఏముంటుంది? కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని పనిచేశాను. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, దానికి తగ్గ బూస్టరు, ఒక దారి పాడైనా ఇంకో దారి పనిచేసే మాస్టర్ సిలిండరు, పైపులన్నీ కొత్తవి. ఆ బండికి పుట్టిన్నుంచీ అంత మంచి బ్రేకులు లేవు.

సార్ వచ్చి నడిపి చూసి మురిసిపోయాడు. "ముట్టుకుంటె ఆగుతాందే!"

మా పనిలో ఒక పద్ధతుంది. విప్పిన పాత సామాను సంచిలో వేసి ఓనరుకు అప్పజెప్పాలి. సంచి ఆయన ముందు పెట్టాను.

"మీ పాత సామాను సార్. ఒకపారి చూసుకోండ్రి."

"ఆ తుక్కు నాకెందుకు బిడ్డా? నువ్వే ఏమన్న చేస్కో."

"నన్నే ఏమన్న చేస్కోమంటాండ్రా?"

"చేస్కో అంటాన గద!"

ఆ ఆదివారం బండికి పూలదండలేసి చర్చి ముందు పెట్టారు. ఆరాధన తర్వాత పాస్టరయ్య దానికి ప్రార్థన చెయ్యాలి. అంతకన్నా ముందు, దేవుడు చేసిన మేలును లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం. ఆ సమయంలో ఎవరు లేచినా, వాళ్ళు కూర్చునేదాకా ఇంకెవరూ ఆపకూడదు. అది మా సంఘంలో కట్టుబాటు. నేను లేచాను. సంచిలోంచి పైపు తీసి పైకి పట్టుకున్నాను.

"దేవునికి స్తోత్రం. ఇది సార్ బండిది. ముందు కుడి చక్రం బ్రేకు పైపు. సుత్తెతోని కొట్టి మూసిండ్రు. కొత్త బ్రేకులని ఈడనే బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పిన బండి ఇది. మా నాయిన తాగలే. బ్రేకే లేకుండె."

సుందర్ రావు సార్ ముఖం నల్లబడింది. లేచి నిలబడ్డాడు.

"ఎవలు మూసిండ్రో నాకేం ఎరుక? ఆ మెకానిక్ గట్టయ్య సామాను దొర్కలేదన్నడు. సభలకు యాళ్ళయితాంది, ఒక్క పూటకే గద మూయమన్న!"

చర్చిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. తన నోటితో తానే అన్నాడు. నాకు ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

మొగిలమ్మత్త బిడ్డ స్వప్న లేచొచ్చి నా చేతిలోని పైపు తీసుకుంది. తిప్పి తిప్పి చూసి ఆయన ముందుకు పోయి నిలబడింది.

"ఒక్క పూటకేనా అంకుల్?"

ఆ రోజు బండికి ప్రార్థన జరగలేదు. అదే వారం సంఘం కూర్చుని, నాయనను మళ్ళీ బల్లకు పిలిచింది. సుందర్ రావు సార్‌ను బల్ల నుంచి తీసేసింది.

బల్ల ఆదివారం వచ్చింది. ప్రసంగం అయిపోగానే అలవాటుగా నాయన లేచాడు. అమ్మ చొక్కా పట్టి కూర్చోబెట్టింది. సుందర్ రావు సార్ వెనక వరసలోంచి లేచి బయటికి పోయాడు. నేను తల తిప్పి ఆయన పోతున్నంతసేపూ చూశాను.

కాసేపటికి నాయన మళ్ళీ లేచి తలుపు వైపు నడిచాడు. నాయన మెత్తని మనిషి, పోయి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తాడేమో, నా కష్టమంతా గంగపాలు చేస్తాడేమోనని వెనకే ఉరికాను.

సార్ పై మెట్టు మీద ముఖం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాయన తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"సార్, ఆడ కూసోకుండ్రి. జరసేపైతె ఎండ మీదికొస్తది. కింది మెట్టు మీద గోడ దిక్కు కూసోండ్రి. అయిపోయేదాక నీడుంటది."

అంతే చెప్పి లోపలికొచ్చి, అమ్మ పక్కన కూర్చుని, గ్లాసు కోసం చెయ్యి చాపాడు. నేను చేసిందంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

నేను తలుపు దగ్గరే నిలబడి చూశాను. సార్ లేచి, గోడ పట్టుకుని, కింది మెట్టు మీదికి జరిగాడు.