మెడ విరిచే చేతులు

మా ఊళ్లో కటింగ్ షాపులకు మంగళవారం సెలవు. మా అబ్బా చేతులకు మాత్రం ఆ రోజు కూడా సెలవుండేది కాదు. సిరోంచ బస్టాండు దగ్గర ఆయన షాపు. కటింగైనా గడ్డమైనా, చివర్లో తలకు మాలిష్ చేసి, గదవ పట్టుకుని మెడను అటోసారి ఇటోసారి టక్కున విరిస్తే గానీ మనిషిని కుర్చీ దిగనివ్వడు. దాని కోసమే ప్రాణహిత నది దాటి వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పొగడ్తలతో కరీమ్ మియా, అంటే మా అబ్బా, సగం డాక్టరైపోయాడు. మిగతా సగం ఇంట్లో అమ్మీ చేసింది.

అమ్మీ పేరు షంషున్నీసా. కుట్టు మిషను మీద వంగి వంగి ఏళ్ల కిందటే మెడనొప్పి తెచ్చుకుంది. మంగళవారం పొద్దున పీట వేసుకుని, అబ్బాకు వీపు పెట్టి కూర్చునేది. ఆయన మెడ విరిచి, హాయిగుందా అని అడిగేవాడు. హాయిగుంది అనేది. ఇక ఆ రోజంతా అబ్బాను పట్టలేం. నాకు ఒళ్లు మండేది. దవాఖానకు పోదామంటే, డాక్టర్లు గోళీలిచ్చి నొప్పిని జోకొడతారు ఫర్హీన్, నేను బయటికి తీస్తా అనేవాడు. అమ్మీ కూడా ఆయన వైపే.

ఈ వానాకాలం అమ్మీ చేతిలోంచి కత్తెర జారిపడింది. తర్వాత చాయ్ కప్పు. వేళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయని అప్పుడు చెప్పింది. ఇద్దర్నీ బస్సెక్కించి మంచిర్యాల తీసుకుపోయాను.

స్కానింగ్ చూసిన డాక్టరు కోప్పడే మనిషి కాదు. మందులు గొప్పవా, చేతివైద్యం గొప్పదా అని అబ్బా ఉండబట్టలేక అడిగేశాడు. మామూలు మెడనొప్పికి రెండూ కొంత పనిచేస్తాయనీ, నేర్చినవాళ్లు ముందు పరీక్ష చేసి మెల్లగా కదిలిస్తే తప్పులేదనీ, రోజూ వ్యాయామం తోడైతే ఇంకా మంచిదనీ ఆయన చెప్పాడు. అబ్బా నా వైపు గర్వంగా చూశాడు. కానీ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే లోపల నరాలు నలుగుతున్నట్టేననీ, అలాంటి మెడను ఎవరూ విరవకూడదనీ డాక్టరు అన్నాడు. తర్వాత అమ్మీని అడిగాడు, విరిచినప్పుడు నొప్పి తగ్గేదా అని.

అమ్మీ చాలాసేపు కొంగు సర్దుకుంది.

"మొదట్ల తగ్గేది సార్. ఇగ రెండేండ్ల సంది తగ్గుతలేదు. ఇరిచినంక చెయ్యంత జుమ్మంటుండె."

"మరి ఎందుకు చేయించుకున్నరమ్మా?"

"వద్దంటే పరేషాన్ అయితడని. ఊరందరి నొప్పి తీస్తడు, నాదే తీయకపాయెనని మనసుల పెట్టుకుంటడు."

అబ్బా లేచి బయటికి వెళ్లిపోయాడు. తిడదామని నేనూ వెనకే వెళ్లాను. వరండాలో గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు. నాకు తిట్లు రాలేదు, ఏడుపే వచ్చింది.

అమ్మీకి మెడ ఆపరేషన్ అయింది. అది నష్టం పెరగకుండా ఆపుతుందనీ, పోయిన బలమంతా తిరిగి రాకపోవచ్చనీ డాక్టరు ముందే చెప్పాడు. రాలేదు. అమ్మీ కుడిచెయ్యి భుజం దాటి లేవదు. మిషను మీద దుప్పటి కప్పాం. ఇదంతా అబ్బా చేతుల వల్లేనా అని డాక్టరును విడిగా అడిగాను. ఎముకలు ఎలాగూ అరిగి ఉన్నాయనీ, విరవడం వల్ల ఎంత ముదిరిందో చెప్పలేననీ అన్నాడు. ఆ మాట అబ్బాకు ఎన్నోసార్లు చెప్పి చూశాను. ఆయన చెవికి ఎక్కలేదు. షాపులో ఇప్పుడు కటింగు, గడ్డం, అంతే. మెడ విరవమంటే దవాఖానకు పొమ్మంటాడు. కొందరు నవ్వి వేరే షాపుకు పోతున్నారు.

మొన్న మంగళవారం అమ్మీ దువ్వెన పట్టుకుని, జడ వేసుకోలేక కూర్చుంది. నేను లేవబోతుంటే అబ్బా ఆ దువ్వెన తీసుకున్నాడు. ఊరందరి జుట్టు కత్తిరించిన మనిషికి జడ అల్లడం రాదు. మూడు పాయలు ఎలా తిప్పాలో చూపించాను. అమ్మీ అదే పీట మీద, అలాగే వీపు పెట్టి కూర్చుంది. వేళ్లు మెడకు తగులుతాయేమోనని భయం భయంగా అల్లాడు. జడ వంకరగా వచ్చింది. రబ్బరు వేశాక, ఎప్పుడూ అడిగే మాట మాత్రం అడగలేదు.

అమ్మీ ఎడమచేత్తో జడ తడిమి చూసుకుంది. తర్వాత తనే అంది.

"హాయిగుంది, ఫర్హీన్ అబ్బా."

ఇన్నేళ్లూ ఆ మాటను ఆయన అమ్మీ వెనక నిలబడే విన్నాడు. ఇప్పుడు ముందుకొచ్చి, నేల మీద కూర్చుని, అమ్మీ మొహంలోకి చూశాడు.

"నిజం చెప్పు," అన్నాడు.