అంబలి లెక్కలోకి రాదు

నేను కలకత్తాలో ఈ ప్రభుత్వాసుపత్రిలో ఆయాని. పేరు మేరీరాణి అయినా, డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ 'మాసి'నే, అంటే బెంగాలీలో పిన్నిని. ఖిదిర్‌పూర్ నుంచి మన తెలుగువాళ్ళు ఎవరొచ్చినా బెంగాలీ మాటని తెలుగు చేసి చెప్పే పని నా నెత్తినే పడుతుంది. దానికి జీతం లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి.

పోలిరాజు అక్కడి ఓడరేవు డాకులో ముప్ఫై ఏళ్ళు బస్తాలు మోసి హెర్నియా తెచ్చుకున్నాడు. ఆపరేషన్ తేదీ కోసం ఐదు నెలలు తిరిగాడు. ముందురోజు వార్డులో చేరాక, నర్సు చెప్పిందంతా అతనికీ, భార్య నారాయణమ్మకీ విడమరిచి చెప్పాను. రాత్రి పది దాటాక తిండి వద్దు, నీళ్ళు కూడా వద్దు. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. అలా తలూపేవాళ్ళంటేనే నాకు భయం.

పొద్దున్న ఎనిమిదింటికి మత్తు డాక్టరు మంచం దగ్గరికొచ్చి నన్ను అడగమన్నాడు.

"ఏటైనా తిన్నావేటి అన్నా?"

"నేదమ్మా."

"నీళ్ళు?"

"సుక్క ముట్టనేదు."

అదే బెంగాలీలో చెప్పాను. డాక్టరు రాసుకున్నాడు. ట్రాలీ కదిలింది.

నేను దుప్పటి మడతపెట్టి బయటికొచ్చేసరికి నారాయణమ్మ కుళాయి దగ్గర స్టీలు క్యాను కడుగుతోంది. అడుగున గోధుమరంగు మడ్డి ఉంది.

"అదేటి వదినా?"

"సోడంబలమ్మా. ఏడింటికి తెచ్చినాను. ఒద్దే ఒద్దే అన్నాడు. కత్తి కింద పడుకోబోయే మనిసిని వట్టి కడుపుతో ఎలాగంపుతాను? బలవంతంగా తాగించీసినాను."

"ఏమీ వద్దని చెప్పినాను కదా!"

"తిండొద్దన్నావు, నీళ్ళొద్దన్నావు. అయ్యేవీ ఇవ్వనేదు. అంబలిచ్చినాను."

ఒళ్ళు మండిపోయింది, ఆవిడ మీద సగం, నా మీద సగం. మా ఇంట్లోనూ అంతే. షిఫ్టుకి పోయేవాడు చెంబుడు రాగి అంబలి తాగి వెళ్ళినా, 'పాపం, ఏమీ తినకుండా పోయాడు' అనే అంటాం. ఆ సంగతి తెలిసీ నేను అంబలి మాట ఎత్తలేదు.

పరిగెత్తాను. యాభై రెండేళ్ళ మోకాళ్ళతో రెండంతస్తులెక్కి ఆపరేషన్ థియేటరు తలుపు బాదాను. మత్తు ఇంకా ఇవ్వలేదు. డాక్టరు అందరిముందూ నన్ను కడిగేశాడు. పడ్డాను. పడాలి కూడా.

ట్రాలీ వెనక్కొచ్చింది. మళ్ళీ తేదీ మూడు వారాల తర్వాతేనట. నారాయణమ్మ నా మీద విరుచుకుపడింది.

"నీ నోరు మూసుకునుంటే ఈపాటికి ఆపరేసనైపోను! ఐదు నెల్లు తిరిగినాం!"

"మత్తులో ఉన్నప్పుడు ఆ అంబలి పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే మనిసి దక్కడు వదినా. అందుకే కడుపు ఖాళీగా ఉంచమంటారు. ఏం తాగినా అంతే, అంబలైనా, పాలైనా, టీ అయినా."

ఆవిడ క్యానుతో సహా నేల మీద కూలబడింది.

"అయితే నా సేత్తో నానే..." అంది.

పోలిరాజు ట్రాలీ మీంచి చెయ్యి చాపి ఆవిడ తల మీద వేశాడు. నా మొహంలోకి చూడకుండా నాతోనే అన్నాడు.

"దానిదేటి తప్పు? నానే ఆకలేసి అడిగినాను."

నారాయణమ్మ తలెత్తింది. "నువ్వడగనేదు."

"అడిగినాను," అన్నాడు పోలిరాజు గట్టిగా.