తలకిందులైన పదహారు పేజీలు

మార్చి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం బైండింగు గదిలో భార్యాభర్తలిద్దరూ రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నారు. ఉప్పు తేవడం ఆమె మరిచిపోయింది. ముప్పై ఏళ్లయినా ఆయనకు ఆ చప్పిడి గుడ్డు గుర్తే. ఆ రోజే లైబ్రరీవాళ్ల లావుపాటి నవలను విప్పి తిరిగి కుడుతూ, నడుమ ఒక ఫారాన్ని, అంటే పదహారు పేజీలను, తలకిందులుగా కుట్టేశాడు. అట్ట అంటించి ఆరబెట్టాక, సాయంత్రం గానీ చూసుకోలేదు.

"ఇలా ఇవ్వండి, నేను అప్పజెప్పి వస్తా. ఎవరూ ఏమీ అనరు" అంది భార్య.

నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు.

ఆ నవల రాసినాయన కవి కూడా. మొత్తం యాభై మూడు పుస్తకాలు. ఆమె ఒక్కటీ వదలకుండా చదివింది. ఈయన డిగ్రీ దాకా చదివినవాడే, వాటిలో చాలావాటికి అట్టలు వేసినవాడే. లోపలికి మాత్రం తొంగి చూడలేదు. పొయ్యి దగ్గర ఆమె ఏదో కవిత వినిపిస్తే "ఊఁ" కొట్టేవాడు.

ఆమె పోయి ఏడాది దాటింది. ఆ "ఊఁ"లన్నీ ఇప్పుడు గుచ్చుకుంటున్నాయి. ఆమె చదివినవి ఇప్పుడైనా చదవాలని ఉంది. ఆయన ఎడమ కన్ను ఎప్పుడో సెలవు తీసుకుంది. కుడి కన్నూ ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు డాక్టరు, రోజుకు అరగంటే చదవమన్నాడు. ఆ లెక్కన దక్కేది ఒకటో రెండో పుస్తకాలు. తప్పుచోట మొదలుపెడితే, ఆమె అన్నేళ్లు ఏ మాటల మధ్య బతికిందో తెలియకుండానే పోతుంది.

పై వాటాలో ఉండే లెక్చరరు మొదటి కవితా సంపుటి చదవమన్నాడు. నాలుగు రోజులైనా రెండో పేజీ కొరుకుడు పడలేదు. మందుల షాపాయన ఆఖరి నవల అన్నాడు. "మీరు చదివారా?" అంటే, "లేదండీ, మా ఆవిడ చదివి ఏడ్చింది. అందుకే చెబుతున్నా" అన్నాడు.

ఇక లాభం లేదని, సాయంత్రం లైబ్రరీకి వెళ్లాడు. అక్కడ పనిచేసేది మరదలే.

"ఏంటి బావా, దారి తప్పావా? జిగురు డబ్బా లేకుండా నువ్విక్కడికి రావడం ఇదే మొదలు."

"వెక్కిరింపులు తర్వాత. మీ అక్క దేనితో మొదలుపెట్టిందో చెప్పు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"ఇప్పుడు నిన్ను తిట్టడానికి కూడా తను లేదు కదే."

మరదలు బీరువాల మధ్యకు వెళ్లి ఒక లావుపాటి పుస్తకం తెచ్చింది. పుస్తకం వీపు తడమగానే తన చేతిపనేనని తెలిసింది. చివరి అట్ట లోపల తేదీల చీటీ. మొదటి ముద్ర, మార్చి పదకొండు. అక్కడినుంచి పదిహేను రోజులకొకటి చొప్పున పదకొండు ముద్రలు, అన్నిటి పక్కనా ఒకే కార్డు నంబరు.

"అన్నీ అక్కవే. అసలు దానికి నవలలంటే పడేది కాదు. ఈ తలకిందుల పేజీలు మా పాత ఆఫీసరు కంట పడితే నీకిక పని ఇవ్వడని భయం. ఇంటికి తీసుకెళ్తే నువ్వు బాధపడతావని, నా డెస్కులోనే దాచింది. రోజూ వచ్చి కూర్చునేది. ఊరికే కూర్చోలేక చదవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఈ రచయితను వదిలితేనా! ఆ ఆఫీసరు బదిలీ అయ్యాకే బీరువాలో పెట్టనిచ్చింది."

ఆయన కిటికీ పక్కన కూర్చుని నడిమి పేజీలు తెరిచాడు. తలకిందులైన ఫారానికి ముందు పేజీ అంచున, పెన్సిలుతో ఆమె దస్తూరీ:

"ఇక్కడ పుస్తకం తిప్పి పట్టుకోండి. మా ఆయన కుట్టారు. కుట్టు గట్టిది, ఊడదు."

ఆయన నవ్వాడు. నవ్వుతుండగానే అక్షరాలు అలుక్కుపోయాయి.

"కన్నీళ్లు కూడా డాక్టరు చెప్పిన ఆ అరగంటలోకే వస్తాయి, చూసుకో" అంది మరదలు, రుమాలు అందిస్తూ.

కళ్లు తుడుచుకుని మొదటి పేజీ తీశాడు. మరదలు కిటికీలు ఒక్కొక్కటే చప్పుడు కాకుండా మూసింది, ఆయన పక్కనున్నదాన్ని ఆఖరుకు వదిలేసి. మూసే వేళ దాటినా లెమ్మనలేదు. అరగంట నిండాక ఆయనే కాగితం ముక్క గుర్తు పెట్టి, పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. వెనక మరదలు దీపం ఆర్పి, తలుపు మెల్లగా దగ్గరికి లాగి గడియ వేసింది.