తాత పిల్లనగ్రోవికి కొత్త తోక

సాంబయ్య తాత పోయాక యమునకు మిగిలింది ఆయన నేర్పిన పాటలూ, ఆయన నల్లకర్ర పిల్లనగ్రోవీ. రంధ్రాలన్నీ మూసి మెల్లగా ఊదితే అట్టడుగు స్వరం బావిలోంచి వచ్చినట్టు పలికేది. తాత ఏ పాటైనా ఆ స్వరంతోనే ముగించేవాడు. హనుమకొండ పోటీలో తనూ అలాగే ముగించాలని యమున కోరిక.

పోటీకి నెల ముందు సారంగపాణి సారు దాన్ని తీసుకున్నాడు. ఆమెకు ఆదివారాలు పాఠం చెప్పేదీ, ఊళ్లో కర్ర పిల్లనగ్రోవులు చేసేదీ ఆయనే. "సన్న పగులుంది, మైనం పెడ్త బిడ్డా" అన్నాడు. తిరిగి ఇచ్చేసరికి కింది కొన కోసి, రెండు ఇత్తడి మీటలున్న జానెడు ముక్క అతికించి ఉంది.

"ఇంకో రెండు స్వరాలు కిందికి దిగుతది. ఖుషేనా?"

యమున తలూపింది. సారు ముందు ఆమె నోరు ఎప్పుడు లేచింది గనక!

ఆ రెండు స్వరాలూ రాలేదు. మీట నొక్కినా, రంధ్రాన్ని మూయాల్సిన తోలుబిళ్ల కింద నుంచి గాలి కారిపోయేది. బరువుకు కొన వాలిపోయేది. అవి పోతే పోయాయి, తాత స్వరం కూడా జలుబు చేసిన గొంతులా మూసుకుపోయింది.

"తప్పు నీ చిటికెన వేలుదే. సాధన చెయ్యి" అన్నాడు సారు.

చేసింది. పరకాల బస్సులో కిటికీ కడ్డీ మీద కూడా వేలు నొక్కుతూనే కూర్చుంది. వేలు కాయ కాచింది.

పోటీ రోజు తెర వెనుక సారు సంచి అందించాడు. "జర నా ఫ్లూట్ తియ్యి, శృతి చూద్దాం."

ఆ పిల్లనగ్రోవి కొన దగ్గర లక్కతో పూడ్చిన నాలుగు చుక్కలున్నాయి. మరలు పీకిన గుర్తులు.

"సార్, మీదానికి గూడ మీటలుండెనా?"

"ఉండె. పదేండ్ల కిందనే పీకేసిన. ఎవలు చేసినా గాలి పోతనే ఉంటది." అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"మరి నా వేలుదే తప్పంటిరి."

"ఈసారన్న కుదురుతదేమో అనుకున్న బిడ్డా. స్టేజీ మీద నలుగురు చూస్తరు, సారంగపాణి కొత్త రకం చేసిండంటరు..."

"ఈసారి గూడ మీదాని మీదనే చేసుకోకపోయిన్రా?"

సారు తన పిల్లనగ్రోవిని సంచిలో పెట్టి జిప్పు లాగాడు. తోక ఊడదీసినా లాభం లేదు, కోసేసిన కొన మళ్లీ పెరగదు.

యమున పాటంతా వాయించింది. చివరి స్వరం దగ్గరికొచ్చి పిల్లనగ్రోవిని పెదవుల నుంచి దించేసింది. అయిపోయిందో లేదో తెలియక జనం ఆలస్యంగా చప్పట్లు కొట్టారు.

"నీ గురువు పేరు చెప్పమ్మా" అంది మైకు పట్టుకున్న మేడం. ముందు వరుసలో సారు అందరికీ దండం పెట్టడానికి అప్పటికే సగం లేచాడు.

"మా తాత సాంబయ్య" అంది యమున.